ప్లీడరు గారి కేసు కట్టలు ఎవరు అందుకుంటారు?

గుంటూరు కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదులకు,

నమస్కారం.

నేను న్యాయవాదిని కాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన టీచర్ని. ఈమధ్యే కన్నుమూసిన మన ప్లీడరు గారి ఆఫీసులో, బ్రాడీపేటలో, శనివారం సాయంత్రాలు ఆయన టేబుల్ పక్కన కూర్చుని అర్జీలు రాసిపెట్టేదాన్ని. అందువల్ల మీలో చాలామందికి నా మొహం తెలుసు. ఆయన పేరు ఈ ఉత్తరంలో రాయటం లేదు. పేపర్లో తన పేరు చూసుకోవటం ఆయనకు బతికుండగా ఎప్పుడూ ఇష్టం లేదు. పేరు రాయకపోయినా మీకు తెలియకుండా పోదు.

సంతాప సభలో మీరు మాట్లాడిన మాటలన్నీ విన్నాను. క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షి మీద ఎన్నడూ గొంతు పెంచలేదని ఒకరన్నారు. ఫీజు అడగటానికి మొహమాటపడేవారని ఒకరు, జడ్జిగారి ముందు జూనియర్‌ని ఎన్నడూ తక్కువ చేయలేదని మరొకరు చెప్పారు. అన్నీ నిజాలే. బార్ హాల్లో ఫోటో పెడదామన్నారు, ఏటా ఒక స్మారకోపన్యాసం పెడదామన్నారు. పెట్టండి, ఆ గౌరవానికి ఆయన తగినవారే. నేను అడుగుతున్నది మాత్రం అంతకంటే ముందు జరగాల్సిన పని. ఆయన బీరువాల్లో మిగిలిపోయిన కేసు కట్టల్ని మీరు అందుకోవాలి. ఆయన శనివారం టేబుల్ ఖాళీగా ఉండకుండా చూడాలి. ఈ రెండూ అడగటానికే ఈ ఉత్తరం.

మీకు తెలిసిన చట్టాన్నే మీకు చెప్పబోతున్నాను, ఏమీ అనుకోకండి. ఈ ఉత్తరం మీతోపాటు ఆయన దగ్గరికి వచ్చిన జనం కూడా చదువుతారు, వాళ్లకి తెలియాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 3, రూల్ 4 అని ఉంది. వకాలత్, అంటే తన తరఫున వాదించమని కక్షిదారు ప్లీడరుకి రాసిచ్చే కాగితం, ఎంతకాలం చెల్లుతుందో అందులో రాసి ఉంది. కక్షిదారు చనిపోతే ఆగిపోతుంది, ప్లీడరు చనిపోయినా ఆగిపోతుంది. ఆయన ఊపిరి ఆగిన రోజునే ఆయన ఒక్కరి పేరు మీద ఉన్న వకాలత్‌లన్నీ ఆగిపోయాయి. జూనియర్ పేరు కూడా కలిపి వేసిన కేసులకు ఇబ్బంది లేదు, వాటిని ఆ పిల్లలు నడుపుకుంటారు. కానీ ఆయన పాతకాలం మనిషి. ఫీజు లేని కేసుల్లో జూనియర్ నెత్తిన బరువెందుకని ఆ వకాలత్‌ల మీద తానొక్కరే సంతకం పెట్టేవారు. అంటే, అందరికంటే పేదవాళ్ల కేసులే ఇవాళ వకీలు లేకుండా నిలబడ్డాయి.

వాయిదా మాత్రం ఎవరి కోసమూ ఆగదు. బంట్రోతు పేరు పిలుస్తాడు. ప్రతివాది తరఫు వకీలు లేచి నిలబడతాడు, వాది తరఫున పలికే గొంతు ఉండదు. ఆర్డర్ 9, రూల్ 8 కింద దావా కొట్టేస్తారు. అదే కారణం మీద మళ్లీ కొత్త దావా వేయటానికి ఉండదు, ఉన్న దావానే తిరిగి తెరిపించుకోవాలి. దానికి లిమిటేషన్, అంటే గడువు, 30 రోజులు. మన మనిషి ప్రతివాదే అయితే మన మాట వినకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చేస్తుంది. దాన్ని రద్దు చేయించుకోవటానికీ 30 రోజులే. సమన్లు సరిగ్గా అందకపోతేనే తెలిసిన రోజు నుంచి లెక్క. కాకుమానులోనో మేడికొండూరులోనో పొలం పనిలో ఉన్న మనిషికి తన ప్లీడరు గారు పోయారన్న కబురే ఆలస్యంగా చేరుతుంది. ఆ 30 రోజులు నడుస్తున్నాయన్న సంగతి ఆ మనిషికి ఎవరు చెప్పాలి? ఆలస్యాన్ని మన్నించమని కోర్టును అడగవచ్చు, మన్నించే అవకాశమూ ఉంది. అది అడగటానికైనా ఒక వకీలు కావాలి కదా.

ఇదంతా ఆయనే నాకు నేర్పారు. నేను ఆయన దగ్గరికి మొదట వెళ్లింది మా చెల్లెలి మనోవర్తి కేసు కోసం. కేసు తేలాక కూడా వెళ్తూనే ఉన్నాను. "టీచరు గారూ, మీ దస్తూరీ బాగుంటుంది, ఈ పిన్నిగారికి కాస్త రాసిపెట్టండి" అని ఒకనాడు కాగితం చేతికిచ్చారు. అప్పట్నించి శనివారాలు అక్కడే. నాకు చట్టం తెలియదంటే, "చట్టం నేను చూసుకుంటా, మీరు తేదీలు చూడండి" అనేవారు. ఆయన నమ్మకం ఇదీ: బీదవాడు న్యాయం తన పక్కన లేక కేసు ఓడిపోవటం తక్కువ, తేదీ దాటిపోయి ఓడిపోవటమే ఎక్కువ. ఇన్నేళ్లు ఆ టేబుల్ దగ్గర కూర్చున్నాక నాదీ అదే నమ్మకం.

మిర్చి సీజన్ మొదలయ్యాక వచ్చే కేసులు గుర్తుచేసుకుంటే చాలు. జనవరి నుంచి యార్డు నిండా మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు. కౌలు రైతు పంట అమ్ముకుని డబ్బుకు బదులు చెక్కు పట్టుకుని ఊరికి వెళ్తాడు. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలని కొందరికి తెలియదు. వేసినా, ఖాతాలో డబ్బు లేదని తిరిగొస్తుంది. వ్యాపారి "వచ్చేవారం చూద్దాం అన్నా" అంటాడు. రైతు నమ్ముతాడు, మొహమాటం కదా, వచ్చే ఏడు కూడా అదే కొట్లో దించాలి. అలా వారాలు గడిచిపోతాయి. చట్టం ప్రకారం చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు చెప్పిన రోజు నుంచి 30 రోజుల్లోపు నోటీసు వెళ్లాలి. నోటీసు అందాక 15 రోజులు గడువు. ఆ 15 రోజుల్లో డబ్బు రాకపోతే, అక్కడి నుంచి నెలలోపు కోర్టులో ఫిర్యాదు పడాలి. ప్లీడరు గారు ఈ మూడు గడువులనూ ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో నాచేత రాయించి, గుమ్మం పక్కన గోడకి కట్టించారు. చదువు రానివాళ్లకి గుమాస్తా గారు చదివి వినిపించేవారు. కేసు లేకుండా ఊరికే పలకరించటానికి వచ్చినవాడు కూడా ఆ అట్ట చదివి, జేబులోంచి చెక్కు తీసి చూపించిన సందర్భాలున్నాయి.

మనోవర్తి సంగతి ఇంకా బాధాకరం. కోర్టు నెలకింత ఇవ్వమని ఆర్డరు వేస్తుంది. భర్త రెండు నెలలు ఇచ్చి మానేస్తాడు. ఆమె పిల్లల్ని చూసుకోవాలి, పనికి వెళ్లాలి, పుట్టింట్లో మాటలు పడాలి. కోర్టు చుట్టూ తిరిగే ఓపిక ఎక్కడిది? ఏడాదిన్నర తర్వాత వస్తుంది. బకాయి పడిన రోజు నుంచి ఏడాదిలోపు అర్జీ పెడితేనే వసూలుకు వారంటు ఇస్తారు, అంతకు ముందు నెలలది ఆ దారిన రాదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144. నంబరు మారింది కానీ ఈ ఏడాది గడువు మారలేదు. అందుకని ఆయన తన డైరీలో వెనక పేజీలు విడిగా ఉంచుకున్నారు. మనోవర్తి ఆర్డరు ఉన్న ఆడవాళ్ల పేర్లు, ఎవరికి ఏ నెల నుంచి డబ్బు రావటం లేదు, ఏడాది ఎప్పటికి నిండుతుంది అన్నవి. నెల మొదట్లో గుమాస్తా గారు ఆ పేజీలు చూసి ఫోన్లు చేసేవారు. "అమ్మాయ్, డబ్బు పడిందా? పడకపోతే ఈ శనివారం రా." ఆ ఫోను వల్ల పిల్లల ఫీజు కట్టుకున్న తల్లులు ఈ జిల్లాలో ఎంతోమంది ఉన్నారు. ఆ డైరీ ఇప్పుడు గుమాస్తా గారి దగ్గరే ఉంది. ఆయన ఇప్పటికీ ఫోన్లు చేస్తున్నారు. వాళ్లు వస్తే ఎవరి దగ్గరికి పంపాలో ఆయనకి తెలియటం లేదు.

జైలు కేసుల గురించి కూడా చెప్పాలి. దొంగతనం నేరం మీద లోపలికి వెళ్లిన కుర్రాడికి బెయిల్ వచ్చినా షూరిటీ, అంటే పూచీ, ఇచ్చేవాళ్లు లేక అక్కడే ఉండిపోతాడు. నేరాన్ని బట్టి 60 రోజుల్లోనో 90 రోజుల్లోనో ఛార్జిషీటు పడకపోతే బెయిల్ అడిగే హక్కు వస్తుంది. ఆ హక్కును ఛార్జిషీటు పడకముందే అడిగి వాడుకోవాలి, తర్వాత అడిగితే లేదు. అడిగేవాళ్లు లేక ఆ హక్కు ఎంతమందికి చేజారిపోయిందో ఆయన తలుచుకుని తలుచుకుని బాధపడేవారు. 2024 జూలై 1న ఆ కొత్త సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆయన అందులో మొదట వెతికింది 479వ సెక్షన్. అంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడని విచారణ ఖైదీ, ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే వదిలిపెట్టాలని ఉంది. మరణశిక్షకో యావజ్జీవానికో తగిన నేరాలకి వర్తించదు, ఒకటికి మించి కేసులుంటే వర్తించదు. పాత చట్టంలో సగం గడపాల్సి ఉండేది. డెబ్బై దాటిన వయసులో కొత్త పుస్తకం కొనుక్కుని, పాత సెక్షన్ పక్కన కొత్త సెక్షన్ పెన్సిలుతో రాసుకుంటూ కూర్చున్నారు. "వీళ్లకి ఇది తెలియదు టీచరు గారూ, లోపల ఉన్నవాళ్లకి అసలే తెలియదు" అన్నారు. ఆ తర్వాత జైలుకి వెళ్లి, వయసు మీదపడిన కాళ్లతో గేటు దగ్గర నిలబడి, ఖైదీల తల్లిదండ్రులకి అదే సంగతి చెప్పి వచ్చారు.

ఇంత శ్రద్ధ ఎక్కడి నుంచి వచ్చిందని నేనొకసారి అడిగాను. ఆయన చూండూరు పేరు చెప్పారు. 1991 ఆగస్టు 6న అక్కడ జరిగిన ఘోరం మీకు చెప్పక్కర్లేదు. ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బాధితులు పట్టుబట్టి సాధించుకున్నాక ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జూలై 31న తీర్పు వచ్చింది, 21 మందికి యావజ్జీవ శిక్ష వేశారు. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. విచారణ జరిగిన రోజుల్లో ఆయన కేసులో లేకపోయినా వీలు చూసుకుని వెళ్లి కూర్చునేవారట. కూలికి పోయే ఆడవాళ్లు పొద్దున్నే నడిచి వచ్చి కోర్టు హాల్లో కూర్చోవటం చూశారట. గుంటూరు రావాలంటే బస్సు చార్జీ, ఒకరోజు కూలి, భయం, అన్నీ అడ్డం. కోర్టే ఊళ్లోకి వచ్చేసరికి వాళ్లు ధైర్యంగా వచ్చి కూర్చున్నారు. తీర్పు చివరికి ఎటుపోయినా, ఆ దృశ్యాన్ని మర్చిపోలేనన్నారు. "కోర్టుని ప్రతి ఊరికీ తీసుకెళ్లటం నా చేతిలో లేదు, నేను వెళ్లగలను కదా" అన్నారు. మే నెలలో మీకందరికీ వేసవి సెలవులు. ఆయన ఆ నెలలో ప్రత్తిపాడు, పెదనందిపాడు, ఫిరంగిపురం వైపు ఊళ్లకి తిరిగేవారు. చెట్టు కింద కుర్చీ వేయించుకుని, పాస్‌బుక్కులు, పాత దస్తావేజులు, పోలీసుల నోటీసులు, ఏది తెస్తే అది చదివి చెప్పేవారు. ఎండ దెబ్బ తగులుతుందని ఆయన భార్య మజ్జిగ సీసాలు సర్ది పంపేవారు. ఆమె గురించి సంతాప సభలో ఎవరూ మాట్లాడలేదు, నేను ఇక్కడ చెబుతున్నాను. ఫీజు రాని కేసులతో నడిచిన ఇంటిని నడిపింది ఆమె.

ఆయన ఒక్క ప్లీడరు గిరీతోనే సరిపెట్టుకున్న మనిషి కూడా కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మనవాళ్లందరూ పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు పంపారు. ఆయన కూడా పంపారు. నీళ్లు తీశాక మాత్రం ఇంకో పని పెట్టుకున్నారు. తడిసి ముద్దయిన ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, బళ్ల ఆర్సీలు పట్టుకుని ఏడుస్తున్న జనం మధ్యకి వెళ్లారు. రిజిస్టరైన దస్తావేజుకి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరుకుతుందని, ఆస్తి ఎక్కడికీ పోలేదని ఒక్కొక్కరికీ నచ్చజెప్పారు. నేనూ వెంట వెళ్లి అర్జీలు రాశాను. ఆటోవాళ్ల ఇన్సూరెన్సు కాగితాలు చూస్తుంటే ఆయన మొహం వాడిపోయింది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవాళ్లకి తమ బండి వరదలో పాడైతే పైసా రాదు. ఆ మాట ఆ కుర్రాళ్లకి మొహం మీద చెప్పటానికి ఆయన ఎంత నలిగిపోయారో నేను చూశాను. చెప్పారు, దాచిపెట్టలేదు. ఫుల్ పాలసీ ఉన్నవాళ్లతో మాత్రం అప్పటికప్పుడు క్లెయిము ఫారాలు నింపించారు. లేనివాళ్లకి తెలిసినవాళ్ల దగ్గర చందాలు వసూలు చేసి ఇంజన్ల రిపేరుకి ఇప్పించారు. ఎంత వసూలైందో, ఎవరెంత ఇచ్చారో కాగితం మీద రాసి అందరికీ చూపించారు. డబ్బు దగ్గర ఆయన లెక్క అంత పక్కా.

ఉచిత న్యాయ సహాయం గురించి ఆయనకో బాధ ఉండేది. 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం చేశారు, 1995 నవంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా వకీలుని ఉచితంగా పెట్టి ఇవ్వాలి. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ సంస్థ ఆఫీసు ఉంది, 15100 నంబరుకి ఫోను చేసినా చెబుతారు. చట్టం వచ్చి ముప్పై ఏళ్లయినా, తనకి ఆ హక్కు ఉందని తెలిసి గుమ్మం ఎక్కిన ఆడమనిషిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చనేవారు. అందుకని శనివారం వచ్చినవాళ్లలో సగం మందిని ఆయన తన దగ్గర పెట్టుకోకుండా, అర్జీ రాయించి ఆ ఆఫీసుకే పంపేవారు. సోమవారం మీరే స్వయంగా వెళ్లండి, భయపడకండి అని చెప్పి, వెళ్లారో లేదో మళ్లీ కనుక్కునేవారు. లోక్ అదాలత్ రాజీలంటే ఆయనకి ఇష్టమే, కోర్టు ఫీజు కూడా తిరిగొస్తుంది. కానీ సంతకం పెట్టేముందు ఒకటికి రెండుసార్లు చదివి వినిపించేవారు. దాని మీద అప్పీలు ఉండదు కాబట్టి, అర్థంకాకుండా ఎవరూ వేలిముద్ర వేయకూడదు. నాకైతే ఆయన వాదించి గెలిచిన పెద్ద కేసులకంటే ఇదే గొప్పగా కనిపిస్తుంది.

ఈ ఊరి న్యాయవాదులకి ఇది కొత్త దారి కూడా కాదు. దేశభక్త కొండా వెంకటప్పయ్య గారు ప్లీడరే. ప్రాక్టీసు వదిలి ఉద్యమంలోకి దిగారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు బారిస్టరు చదివొచ్చి, 1922లో ఆడపిల్లల చదువు కోసం ఇదే గుంటూరులో శారదా నికేతనం పెట్టారు. 1954 జూలైలో ఆంధ్ర హైకోర్టు మొదలైంది కూడా గుంటూరులోనే, కోకా సుబ్బారావు గారు ప్రధాన న్యాయమూర్తిగా. 1956లో హైదరాబాదుకి తరలిపోయింది. మళ్లీ 2019లో అమరావతిలోని నేలపాడుకి వచ్చి మనకి దగ్గరైంది. దాంతో మన ఊళ్లో తెలివైన కుర్ర వకీళ్లు పొద్దున్నే హైకోర్టుకి బయలుదేరుతున్నారు. మంచిదే, ఎదగాలి. అయితే జూనియర్ సివిల్ జడ్జి (పాత మున్సిఫ్) కోర్టులో గట్టు తగాదా, మేజిస్ట్రేటు కోర్టులో మనోవర్తి, వీటి కోసం నిలబడే వకీళ్లు తగ్గిపోతున్నారన్న దిగులు ఆయనకి చివరి రోజుల్లో బాగా ఉండేది. బీదవాళ్ల బతుకంతా ఆ కింది కోర్టుల్లోనే ఉంటుంది. హైకోర్టు దాకా వాళ్లు రాలేరు.

ఇంకో సంగతి. ఇది చెప్పాలా వద్దా అని తటపటాయించాను, చెబుతున్నాను. తోటి న్యాయవాది పోతే ఆ రోజు విధులకి దూరంగా ఉండటం మన దేశంలో ఎన్నో కోర్టుల్లో ఉన్న అలవాటు. దాని వెనక ఉన్న ప్రేమని నేను అర్థం చేసుకోగలను. ఆయన మాత్రం తన పేరు మీద అది వద్దని మా అందరి ముందూ ఎన్నోసార్లు అన్నారు. న్యాయవాదులకి సమ్మె చేసే హక్కు లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో హరీష్ ఉప్పల్ కేసులో చెప్పిన మాటని గుర్తుచేసేవారు. సంతాపం సాయంత్రం కోర్టు అయ్యాక చెప్పుకోవచ్చు, పొద్దున్నే బస్సెక్కి కూలి మానుకుని వచ్చిన మనిషి వాయిదా మాత్రం జరగాలి, ఇదీ ఆయన అభిప్రాయం. కాబట్టి వచ్చే ఏడు వర్ధంతికి మీరేం చేసినా కోర్టు వేళల్లో చేయకండి. ఆయన మాటగా అడుగుతున్నాను.

ఇప్పుడు పని గురించి. ఆయన భార్య, గుమాస్తా గారు, నేను కూర్చుని కట్టలన్నీ దించి చూశాం. ఫీజు తీసుకుని నడుపుతున్న కేసుల కక్షిదారులు చాలామంది కాగితాలు పట్టుకెళ్లి వేరే వకీళ్లని పెట్టుకున్నారు. మిగిలినవి వందకి పైనే ఉన్నాయి. ఒక్కో కట్ట మీద తర్వాతి వాయిదా తేదీ, కోర్టు పేరు, ఊరి పేరు, ఫోను నంబరు అంటించాం. దగ్గర్లో వాయిదా ఉన్నవి విడిగా పెట్టాం. గడువు దాటే ప్రమాదం ఉన్న మనోవర్తి బకాయిలు, చెక్కు కేసులు ఇంకో వరస. తెనాలి, మంగళగిరి కోర్టుల్లో నడుస్తున్నవి కూడా కొన్ని ఉన్నాయి.

ఒక్కరే పదీ ఇరవై తీసుకోమని అడగను. సీనియర్లు తలా ఒకటి తీసుకుంటే సగం పైగా ఖాళీ అవుతాయి. జూనియర్లూ, మీకు ఇల్లు గడవటమే కష్టంగా ఉందని నాకు తెలుసు. ఆయన దగ్గర పనిచేసిన పిల్లలకి నెల మొదట్లో ఆయన కవరు చేతిలో పెట్టేవారు, అందరు సీనియర్లకీ అది కుదరదు. మీరు తీసుకునే కట్టకి వకాలత్ స్టాంపులు, సమన్లు పంపటానికి కట్టే ప్రాసెస్ ఫీజు, నకళ్ల ఖర్చు మీ చేతినుంచి పడకుండా చూసే బాధ్యత మాది. ఆయన స్నేహితులం కొందరం కలిసి అందుకు డబ్బు వేరుగా పెట్టాం. లెక్క ఆయన పద్ధతిలోనే కాగితం మీద ఉంటుంది, ఎవరైనా చూడవచ్చు. కక్షిదారు ఒప్పుకుని సంతకం పెడితేనే కట్ట చేతులు మారుతుంది, అది వాళ్ల హక్కు. అందుకే వాళ్లని కూడా రమ్మని కబురు పంపుతున్నాం. ఆయన పేరు చెప్పి కట్ట తీసుకున్నాక ఆ మనిషిని ఫీజు కోసం ఇబ్బంది పెట్టకండి. నడపలేకపోతే మొహమాటపడకుండా తిరిగి ఇచ్చేయండి, వాయిదాకి ముందు ఇవ్వండి.

శనివారం టేబుల్‌కి నెలకి ఒక్క శనివారం ఇవ్వగలిగిన నలుగురు దొరికితే చాలు. ఐదో శనివారం వచ్చిన నెలలో దానికీ ఎవరో ఒకరు దొరకకపోరు. అక్కడ వాదనలుండవు. కాగితం చదవాలి, తేదీ చూడాలి, ఎక్కడికి వెళ్లాలో చెప్పాలి. లా కాలేజీ పిల్లలు వచ్చినా సంతోషమే. పుస్తకంలో దొరకని చట్టం ఆ కుర్చీలో కూర్చుంటే రెండు గంటల్లో తెలుస్తుంది. అర్జీలు రాయటానికి నేనుంటాను. నా తర్వాత రాయటానికి ఇద్దరు టీచర్లని ఇప్పటికే ఒప్పించాను. ఆడవాళ్లు చెప్పుకోలేని సంగతులుంటాయి కాబట్టి, మహిళా న్యాయవాదులు ముందుకొస్తే మరీ మేలు.

మీ సంఘంలో దీన్ని ఒక తీర్మానంగా పెట్టుకున్నా సరే, పెట్టుకోకుండా ఎవరికి వారు వచ్చినా సరే. ఆఫీసు ఖాళీ చేయమని ఇంటి ఓనరు గారు అడగలేదు. ఈ సంవత్సరం చివరిదాకా అద్దె వద్దని ఆయనే అన్నారు, ఆయన కూడా ఒకప్పటి కక్షిదారే.

వచ్చే శనివారం సాయంత్రం ఐదు గంటలకి బ్రాడీపేట ఆఫీసు తెరిచి ఉంటుంది. దగ్గర వాయిదాలున్న కక్షిదారుల్లో కొందరిని ఆ వేళకే రమ్మన్నాం. గుమాస్తా గారు జాబితా పట్టుకుని ఉంటారు. ఖాళీ వకాలత్ ఫారాలు, స్టాంపులు నేను తెచ్చిపెడతాను. మీ పెన్ను, మీ డైరీ తెచ్చుకోండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు,
బ్రాడీపేట, గుంటూరు